పాఠం 17: ఆపరేషన్ తరువాత తొలి రోజులు

17.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రోబో సాయంతో శస్త్రచికిత్స జరిగాక తొలి రోజుల్లో శరీరంలో వచ్చే మార్పులను వివరించగలుగుతారు.
• మామూలు ఇబ్బందికీ, వెంటనే వైద్యుడికి చెప్పవలసిన ఇబ్బందికీ తేడా గుర్తించగలుగుతారు.
• ఆసుపత్రి సూచనల్లో 'చేయాలి', 'చేయవచ్చు', 'చేయకూడదు', 'చేయనక్కరలేదు' అనే మాటల మధ్య భేదం గ్రహించగలుగుతారు.
• రోగి పరిస్థితిని స్పష్టమైన వాక్యాల్లో చెప్పగలుగుతారు, రాయగలుగుతారు.

17.1 పరిచయం

పుదుచ్చేరి పట్టణంలో గోరిమేడు పక్కనే ఇందిరా నగర్ ఉంది. గోరిమేడులో జిప్మర్ ఆసుపత్రి ఉంది. అక్కడికి తమిళనాడు నుంచే కాక నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల నుంచి, పుదుచ్చేరి పాలనలోనే ఉన్న మన తెలుగు ఊరు యానాం నుంచి కూడా రోగులు వస్తారు. యానాం అక్కడికి సుమారు 800 కిలోమీటర్ల దూరం. అంత దూరం నుంచి వచ్చినవారు ఆపరేషన్ అయిన వెంటనే ఇల్లు చేరలేరు. చాలామంది కొన్నాళ్లు ఆసుపత్రి దగ్గరలో గది తీసుకుని ఉంటారు. ఆ గదిలో నర్సు ఉండదు. రోగిని చూసుకునేది భార్య, కొడుకు, కూతురు, లేదా అల్లుడు. వారి చేతిలో ఉండేది ఆసుపత్రివారు ఇచ్చిన ఒక కాగితం. ఆ కాగితాన్ని సరిగా చదవడం, రోగి మాటను సరిగా వినడం, రెండూ భాషకు సంబంధించిన పనులే. అందుకే ఈ విషయాన్ని తెలుగు పాఠంగా తీసుకున్నాం.

17.2 పాఠ్యభాగం

(అ) లోపల ఏం జరిగింది?

ప్రోస్టేట్ గ్రంథి మగవారిలో మాత్రమే ఉంటుంది. మూత్రాశయానికి సరిగ్గా కింద, మూత్రనాళం చుట్టూ అమరి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. క్యాన్సర్ గ్రంథి దాటి పాకనప్పుడు గ్రంథిని పూర్తిగా తీసివేయడం ఒక చికిత్స. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ 1904లో ఈ శస్త్రచికిత్స చేశారు. లైంగిక శక్తికి అవసరమైన నరాలను కాపాడుతూ ఆపరేషన్ చేసే పద్ధతిని 1982లో అక్కడే పాట్రిక్ వాల్ష్ రూపొందించారు. పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల ద్వారా చేసే విధానాన్ని 1998 నుంచి పారిస్ వైద్యులు స్థిరపరిచారు. 2000 తరువాత రోబో వచ్చింది.

ఈ చరిత్రలో పుదుచ్చేరికీ, తెలుగువారికీ సంబంధం ఉంది. రోబోతో ప్రోస్టేట్ తీసే పద్ధతిని 2001 నుంచి డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో తీర్చిదిద్ది ప్రపంచానికి చూపిన డాక్టర్ మణి మీనన్ 1960ల్లో జిప్మర్‌లో వైద్యవిద్య చదివినవారే. ఆయన నడిపిన మూత్రవ్యాధుల సంస్థకు వట్టికూటి పేరు ఉంది. అమెరికాలో స్థిరపడిన రాజ్ వట్టికూటి కుటుంబం ఇచ్చిన విరాళం వల్ల ఆ పేరు వచ్చింది.

రోబో తనంతట తాను కోయదు. శస్త్రవైద్యుడు కొంత దూరంలో కూర్చుని, పెద్దదిగా కనిపించే బొమ్మను చూస్తూ రోబో చేతులను నడుపుతాడు. రోగి పొట్టమీద ఐదారు చిన్న రంధ్రాలు చేస్తారు. లోపల చోటు కోసం కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. గ్రంథిని తీశాక మూత్రాశయం అడుగు భాగాన్ని మూత్రనాళంతో కలిపి కుడతారు. ఈ లోపలి కుట్టును గుర్తుపెట్టుకోండి. తరువాతి రోజుల్లో పాటించే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క కుట్టు మానడం కోసమే.

(ఆ) మొదటి రెండు రోజులు

మెలకువ వచ్చేసరికి రోగికి నోరు ఎండిపోయి ఉంటుంది. ఆపరేషన్ సమయంలో తల కిందికి, కాళ్లు పైకి ఉండేలా పడుకోబెడతారు కాబట్టి ముఖం, కనురెప్పలు కొంచెం ఉబ్బి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ఆ ఉబ్బు తగ్గుతుంది. పొట్టలో నింపిన వాయువు కొంత మిగిలిపోయి భుజం నొప్పి పుట్టించవచ్చు. "పొట్టకు ఆపరేషన్ చేస్తే భుజం ఎందుకు నొప్పి?" అని చాలామంది కంగారు పడతారు. నడిస్తే ఆ నొప్పి త్వరగా తగ్గుతుంది.

నడక ఇక్కడ మందులాంటిది. రోగిని సాధారణంగా అదే రోజు సాయంత్రం గానీ మరునాడు గానీ లేపి నడిపిస్తారు. కదలకుండా పడుకుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. కాబట్టి "పాపం, ఆపరేషన్ అయింది, పడుకోనివ్వండి" అనడం మేలు చేయడం కాదు. మంచంమీద ఉన్నప్పుడు కూడా పాదాలను పైకీ కిందికీ ఆడించాలి. గంటకు కొన్నిసార్లు గాఢంగా ఊపిరి పీల్చాలి. దగ్గవలసి వస్తే దిండును పొట్టకు అదుముకుని దగ్గాలి.

ముందు గుక్కెడు నీళ్లు, తరువాత జావ, ఆ తరువాత ఇడ్లీ వంటి మెత్తని తిండి ఇస్తారు. పేగులు మళ్లీ పనిచేయడానికి సమయం పడుతుంది. కడుపుబ్బరం తగ్గి గాలి పోవడం మంచి గుర్తు. పప్పు తింటే కుట్లు చీము పడతాయని మనవైపు అంటారు. దానికి ఆధారం లేదు. గాయం మానడానికి పప్పు, పెరుగు, గుడ్డు వంటి మాంసకృత్తులున్న ఆహారం కావాలి. ఉబ్బరం తగ్గాక వాటిని వైద్యుని సలహాతో మొదలుపెట్టవచ్చు.

(ఇ) యూరిన్ పైపు

ఆసుపత్రిలో దీన్ని 'క్యాథెటర్' అంటారు. ఇళ్లలో 'యూరిన్ పైపు' అంటాం. లోపలి కుట్టు మానేవరకు మూత్రం ఒత్తిడి దానిమీద పడకుండా ఈ పైపు కాపాడుతుంది. లోపలి కొసన నీటితో నింపిన చిన్న బుడగ ఉంటుంది. పైపు జారిపోకుండా ఆ బుడగే పట్టి ఉంచుతుంది. సాధారణంగా వారం నుంచి పది రోజులు, కొందరికి రెండు వారాల వరకు పైపు ఉంచుతారు. అంతకుముందే రోగిని ఇంటికి పంపుతారు. అందువల్ల పైపు చూసుకోవడం ఇంటివారి పని అవుతుంది.

పాటించవలసినవి ఇవి:

1. యూరిన్ సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి. మంచంమీద పెట్టకూడదు. నేలకు తాకనివ్వకూడదు.
2. పైపు మడతపడకుండా, తొడ కింద నలగకుండా చూడాలి. పైపును తొడకు పట్టీతో అంటించి ఉంచాలి.
3. సంచి మూడింట రెండు వంతులు నిండేలోగా ఖాళీ చేయాలి. ముందూ వెనకా చేతులు సబ్బుతో కడుక్కోవాలి.
4. పైపు బయటికి వచ్చే చోటును రోజూ సబ్బు నీటితో మెల్లగా కడగాలి. పౌడరు రాయకూడదు. ముందు చర్మాన్ని వెనక్కి జరిపి కడిగితే, వెంటనే తిరిగి ముందుకు తేవాలి. మరచిపోతే చర్మం వెనకే బిగిసి, వాపు వస్తుంది.
5. నీళ్లు బాగా తాగాలి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుడు చెప్పినంతే తాగాలి.
6. పైపు ఊడివస్తే దగ్గరలోని ఏ క్లినిక్కులోనూ మళ్లీ పెట్టించకూడదు. పచ్చి కుట్టు తెగే ప్రమాదం ఉంది. ఆపరేషన్ చేసిన విభాగానికే వెంటనే వెళ్లాలి.

పైపు ఉన్నా "మూత్రం వస్తున్నట్టుంది" అనిపించడం, అప్పుడప్పుడు పొత్తికడుపు పట్టేయడం, పైపు పక్కనుంచి కొద్దిగా కారడం మామూలే. మూత్రాశయం ముడుచుకోవడం వల్ల అలా అవుతుంది. బాధ ఎక్కువైతే మందు ఉంది. అడగాలి. నడిచినప్పుడో, విరేచనానికి వెళ్లినప్పుడో మూత్రం లేత గులాబీ రంగులో రావచ్చు. నీళ్లు తాగితే తేటపడుతుంది. వృషణాల సంచి వాచి, కమిలి నల్లబడడం కూడా చాలామందిలో కనిపిస్తుంది. పడుకున్నప్పుడు మడిచిన తువ్వాలు కింద పెడితే ఉపశమనం కలుగుతుంది.

విరేచనానికి ముక్కకూడదు. మలబద్ధకం ఉంటే వైద్యుడు రాసిన మందు వేసుకోవాలి. ఎనిమా ఇవ్వకూడదు. మలద్వారం గోడ లోపలి కుట్టుకు చాలా దగ్గరగా ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలు బిందె, గ్యాస్ బండ, బియ్యం బస్తా వంటి బరువులు ఎత్తకూడదు. సైకిలు, మోటారు సైకిలు ఎక్కకూడదు. దూర ప్రయాణం తప్పనిసరి అయితే వైద్యుణ్ణి అడిగి వెళ్లాలి. దారిలో ప్రతి గంటకో రెండు గంటలకో దిగి నాలుగు అడుగులు నడవాలి.

(ఈ) వెంటనే ఆసుపత్రికి

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు:

• సంచిలోకి మూత్రం రావడం ఆగిపోవడం, పొత్తికడుపు బిగియడం
• మూత్రం టమాటా రసంలా చిక్కగా ఎర్రగా, గడ్డలతో రావడం
• 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ మించిన జ్వరం, చలితో వణుకు
• ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, ఛాతీ నొప్పి
• పొట్ట ఉబ్బి, వాంతులు ఆగకపోవడం
• కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారడం

(ఉ) పైపు తీసిన తరువాత

పైపు తీసిన రోజు చాలామంది దిగులు పడతారు. దగ్గినా, తుమ్మినా, లేచినా మూత్రం కారుతుంది. ఆ రోజు వెంట ప్యాడ్లు, ఒక పంచె అదనంగా తీసుకువెళ్లాలి. ఇది ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు. గ్రంథితోపాటు మూత్రాన్ని ఆపే ఏర్పాటులో ఒక భాగం పోయింది. మిగిలిన కండరం ఆ పని నేర్చుకోవాలి. కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ఎక్కువమందికి ఏడాదిలోగా బాగా అదుపులోకి వస్తుంది.

ఆ కండరానికి వ్యాయామం ఉంది. నలుగురిలో ఉన్నప్పుడు గాలి పోకుండా ఎలా బిగపడతామో అలా బిగించి, ఐదు సెకన్లు ఉంచి, ఐదు సెకన్లు వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి. పొట్టను, పిరుదులను బిగించకూడదు. ఊపిరి ఆపకూడదు. పైపు ఉండగా ఈ వ్యాయామం చేయకూడదు. కాఫీ, టీ తగ్గిస్తే కారడం కొంత తగ్గుతుంది.

మరొక విషయం ఎవరూ అడగరు, కాని అందరి మనసులో ఉంటుంది. నరాలను కాపాడినా అవి తేరుకోవడానికి ఏడాది నుంచి రెండేళ్లు పట్టవచ్చు. కొందరికి పూర్తిగా తేరుకోకపోవచ్చు. మందులు, ఇతర చికిత్సలు ఉన్నాయి. ఇకమీద వీర్యం బయటికి రాదు. కాని అనుభూతి ఉంటుంది. ఈ మాట భార్యాభర్తలిద్దరూ కలిసి వైద్యుని దగ్గర వినడం మంచిది. ఒకరికే తెలిస్తే రెండోవారు దాన్ని విముఖత అనుకునే ప్రమాదం ఉంది.

తీసిన గ్రంథిని పరీక్షించిన నివేదిక ఒకటి రెండు వారాల్లో వస్తుంది. కొన్ని వారాల తరువాత పి.ఎస్.ఏ. రక్తపరీక్ష చేస్తారు. గ్రంథి పోయింది కాబట్టి ఆ విలువ దాదాపు కొలతకు అందనంత తక్కువ ఉండాలి. బాగున్నామని ఈ పరీక్షలు మానకూడదు.

పాఠ్యాంశ ప్రశ్నలు – 1
1. ఆపరేషన్ తరువాత భుజం నొప్పి ఎందుకు వస్తుంది?
2. పైపు ఊడివస్తే ఎక్కడికి వెళ్లాలి? ఎందుకు?
3. యూరిన్ సంచిని మంచంమీద ఎందుకు పెట్టకూడదో మీరే ఆలోచించి రాయండి.

17.3 సంభాషణ

(ఈ పాఠం కోసం రాసిన ఊహా సంభాషణ ఇది. యానాం నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఆపరేషన్ అయి ఐదో రోజు. ఇందిరా నగర్‌లో గది. కొడుకు ఆసుపత్రిలోని తెలుగు వచ్చిన నర్సుకు ఫోన్ చేశాడు.)

కొడుకు: సిస్టర్, నాన్నగారికి పొద్దున్నుంచీ ఏదోలా ఉందండి.
నర్సు: ఏదోలా అంటే?
కొడుకు: అడిగితే 'వేడి చేసిందిరా' అంటున్నారు. మజ్జిగ ఇచ్చాం.
నర్సు: జ్వరం చూశారా?
కొడుకు: చూశానండి, లేదు.
నర్సు: సంచి ఎప్పుడు ఖాళీ చేశారు?
కొడుకు: తెల్లవారుజామున నాలుగింటికండి.
నర్సు: ఇప్పుడు ఏడయింది. ఎంత నిండింది?
కొడుకు: (చూసి) ఏమీ లేదండి! అడుగున కూడా లేదు.
నర్సు: కంగారు పడకండి. ఆయన ఎటు తిరిగి పడుకున్నారు? పైపు ఎక్కడైనా మడతపడిందా?
కొడుకు: నాన్నా, ఇటు తిరుగు ఒకసారి. తొడ కింద నలిగిపోయింది సిస్టర్. తీశాను. ఆ... వస్తోంది, వస్తోంది!
నర్సు: రంగు ఎలా ఉంది?
కొడుకు: పసుపేనండి.
తండ్రి: అమ్మయ్య, ప్రాణం లేచివచ్చిందిరా.
నర్సు: పెదనాన్నగారూ, పొద్దున్నే చెప్పవలసింది కదండీ.
తండ్రి: కోడలి ముందు ఆ మాట ఎలా చెప్పనమ్మా? అందుకే వేడి అన్నాను.
నర్సు: 'సంచి నిండలేదు' అనండి చాలు. అందులో సిగ్గుపడేదేమీ లేదు. మడత తీసినా రాకపోయి ఉంటే వెంటనే ఇక్కడికి తీసుకురావలసి వచ్చేది.

పెద్దాయన అబద్ధం చెప్పలేదు. మూత్రంలో మంట, ఒళ్లు నొప్పి, కడుపులో బాధ అన్నిటికీ మనం 'వేడి చేసింది' అనే అంటాం. ఇంట్లో ఆ మాట సరిపోతుంది. కాని దాన్నిబట్టి నర్సు ఏమీ చేయలేదు. 'నాలుగింటి నుంచి సంచిలోకి చుక్క రాలేదు' అన్న వాక్యం వినగానే ఆమెకు దారి దొరికింది. ఎంతసేపటి నుంచి, ఎక్కడ, ఎంత, ఏ రంగు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు ఉన్న వాక్యం వైద్యుడికి పనికివస్తుంది. రోగి చెప్పడానికి మొహమాటపడే మాటకు బదులు సంచి గురించి, పైపు గురించి మాట్లాడే వీలు కల్పించడం ఇంటివారు చేయగల మేలు.

17.4 భాషాంశం: సూచనలు చదవడం

కింది నాలుగు వాక్యాలను పరిశీలించండి.

(1) రోజూ నడవాలి.
(2) వైద్యుడు అనుమతించాక స్నానం చేయవచ్చు.
(3) పైపును లాగకూడదు.
(4) మూత్రం లేత గులాబీ రంగులో ఉంటే భయపడనక్కరలేదు.

మొదటి వాక్యం తప్పనిసరి పనిని చెబుతుంది. రెండోది అనుమతి ఇస్తుంది, చేయకపోయినా తప్పులేదు. మూడోది నిషేధం. నాలుగోది నిషేధం కాదు, అవసరం లేదని మాత్రమే చెబుతుంది. 'కూడదు', 'అక్కరలేదు' రెండింటిలోనూ వ్యతిరేకార్థం ఉంది కాబట్టి తొందరలో ఒకటిగా చదివే ప్రమాదం ఉంది. 'నొప్పి లేకపోతే నొప్పి మాత్ర వేసుకోనక్కరలేదు' అన్నదాన్ని 'వేసుకోకూడదు' అని చదివితే, నొప్పి వచ్చినప్పుడు కూడా రోగి ఓర్చుకుని, నడవడం మానేస్తాడు.

'ఉంటే', 'వస్తే', 'ఆగితే' వంటివి చేదర్థక రూపాలు. షరతును చెబుతాయి. ఆసుపత్రి కాగితంలో ఈ రూపం కనిపించినచోట గీత గీసుకోండి. అవే మీరు గమనించవలసిన గుర్తులు.

రోజువారీ నమోదు: ఒక నోటుపుస్తకంలో తేదీ, సమయం, తాగిన నీళ్లు, సంచి ఖాళీ చేసిన సమయం, మూత్రం రంగు, జ్వరం, నడక, విరేచనం, వేసుకున్న మందులు అనే గడులు గీయండి. ఒక్కొక్క గడిలో ఒకటి రెండు మాటలు చాలు. రెండోసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఈ పుస్తకం వెంట తీసుకువెళ్లండి. అక్కడి వైద్యుడికి తెలుగు రాకపోయినా అంకెలు అర్థమవుతాయి.

పాఠ్యాంశ ప్రశ్నలు – 2
కింది వాక్యాలను స్పష్టంగా తిరిగి రాయండి.
1. నాన్నకు రాత్రి నుంచి ఒంట్లో బాగాలేదు.
2. పైపు దగ్గర ఏదో అవుతోంది.

17.5 సారాంశం

రోబో వల్ల పైకి కనిపించే గాయాలు చిన్నవి. లోపలి కుట్టు మాత్రం మానడానికి తన సమయం తాను తీసుకుంటుంది. తొలి రెండు రోజుల్లో నడక, గాఢమైన ఊపిరి ముఖ్యం. తరువాతి వారం రోజుల్లో పైపు సంరక్షణ ముఖ్యం. పైపు తీశాక వ్యాయామం, ఓపిక ముఖ్యం. మొత్తం కాలంలో రోగి చెప్పేదాన్ని విని, దాన్ని స్పష్టమైన మాటల్లోకి మార్చి వైద్యుడికి చేరవేయడం ఇంటివారి బాధ్యత. ఈ పాఠం వైద్యుని సలహాకు బదులు కాదు. మీ వైద్యుడు చెప్పినదానికీ, ఇక్కడ చదివినదానికీ తేడా ఉంటే వైద్యుని మాటనే పాటించండి.

17.6 పదాలు – అర్థాలు

మూత్రాశయం: మూత్రం నిలువ ఉండే సంచి వంటి అవయవం
మూత్రనాళం: మూత్రం బయటికి వచ్చే దారి
మాంసకృత్తులు: శరీర కండను పెంచే పోషకాలు
ఉపశమనం: బాధ తగ్గడం
చేదర్థకం: 'అయితే' అనే షరతును తెలిపే క్రియారూపం

17.7 ముగింపు ప్రశ్నలు

1. పైపు తీసిన రోజు దిగులుపడుతున్న తండ్రికి ధైర్యం చెబుతూ పది వాక్యాల ఉత్తరం రాయండి.
2. 'వేడి చేసింది' వలె అనేక అర్థాలలో వాడే మాటలు మీ ఊళ్లో ఇంకేమున్నాయి? మూడింటిని రాసి, ఒక్కొక్కదానికి వైద్యుడికి ఉపయోగపడే స్పష్టమైన వాక్యం రాయండి.
3. మీ ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రివారు ఇచ్చిన సూచనల కాగితం తీసుకుని, అందులోని వాక్యాలను తప్పనిసరి, అనుమతి, నిషేధం, అవసరం లేనిది అని నాలుగు వర్గాలుగా విడదీయండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

1–1: ఆపరేషన్‌లో నింపిన వాయువు కొంత పొట్టలో మిగిలిపోవడం వల్ల.
1–2: ఆపరేషన్ చేసిన విభాగానికే. వేరేచోట మళ్లీ పెడితే లోపలి పచ్చి కుట్టు తెగవచ్చు.
1–3: నీరు పల్లానికి పారుతుంది. సంచి పైన ఉంటే మూత్రం కిందికి దిగదు. సంచిలోది వెనక్కి పోయి చీము పట్టవచ్చు.
2–1: (నమూనా) నాన్నకు రాత్రి పదింటి నుంచి 101 డిగ్రీల జ్వరం ఉంది, రెండుసార్లు చలితో వణికారు.
2–2: (నమూనా) పొద్దున ఆరింటి నుంచి పైపు పక్కనుంచి మూత్రం కారుతోంది. సంచిలోకి కూడా వస్తోంది. రంగు లేత పసుపు.